ఉమ్మడి ముఖం

“కళ్ళద్దాలు విరిగాయా? ఎలా విరిగాయే?”

అక్క మాట పళ్ళ సందుల్లోంచే వచ్చింది. నోరు పెద్దగా తెరవకూడదు. గట్టిగా నవ్వకూడదు, ముందుకి వంగకూడదు, పక్కకి తిరిగి పడుకోకూడదు. వీపు వెనక ఎత్తుగా దిండ్లు పేర్చుకుని, మెడ నిటారుగా నిలిపి, కోపాన్ని కూడా కొలత ప్రకారమే వాడుకుంటోంది.

“కాలి కింద పడ్డాయి,” అంది చెల్లెలు, చల్లటి నీళ్ళలో గుడ్డ ముంచి పిండుతూ.

“ఎవరి కాలి కింద?”

“నా కాలి కిందే. ఇంట్లో ఏనుగులున్నాయా?”

“కళ్ళజోళ్ళ కొట్టు పెట్టుకుని బతుకుతున్నాం. కుమ్మరి ఇంట్లో కుండకి కరువొచ్చిందంటే నేను నమ్మాలా? మరిదిగారికి ఇవ్వు. సాయంత్రానికి బాగుచేసి ఇస్తారు.”

“ఇస్తే మాత్రం పెట్టుకుంటావా? చెవుల ముందు కుట్లున్నాయి. అక్కడ ఏదీ ఆనకూడదని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడుగా.”

“చెవులకి పెట్టుకోను. చేత్తో పట్టుకుని చూస్తా. ఒక్కసారి. నా ముఖం నేను చూసుకోవద్దా?”

చెల్లెలు పిండిన గుడ్డనే మళ్ళీ పిండింది.

గదిలో డ్రెస్సింగ్ టేబులు అద్దానికి దుప్పటి కప్పి ఉంది. మొదట్లో అద్దం చూపించకండి, వాపు చూసి బెంగ పెట్టుకుంటారు అని ఆసుపత్రి నర్సు చెప్పి పంపింది. దుప్పటి కప్పింది చెల్లెలే. అలవాటు కొద్దీ చెవులకి తగిలించుకుంటుందేమోనని అక్క కళ్ళజోడు తీసి తన చేతిసంచిలో వేసుకున్నదీ చెల్లెలే. ఆ రెండు పనులూ మంచికే చేసింది. దేవుడు అడిగినా ధైర్యంగా చెప్పగలదు.

కళ్ళజోడు ఇంకా ఆ సంచిలోనే ఉంది. చిన్న గీత కూడా పడలేదు.

అది లేకపోతే ఎదురుగా ఉన్న మనిషి అక్కకి ఒక రంగు మరక. చేతి అద్దం ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుంటే ఒక కన్ను కనిపిస్తుంది, లేదంటే ఒక చెంప ముక్క. ముఖం మొత్తం ఒక్కసారి కనిపించదు.

“సరే, నువ్వే చెప్పు,” అంది అక్క, ఓడిపోయినట్టు. “ఇవాళ ఎలా ఉంది?”

రోజూ పొద్దున్నే వచ్చే ప్రశ్నే. చెల్లెలు తడిగుడ్డ మడిచి అక్క కళ్ళ మీద మెల్లగా పరిచింది. అలా పరిచాక నింపాదిగా చూడొచ్చు, చూస్తున్నట్టు అవతలి మనిషికి తెలియదు.

కమిలిన నీలం పసుపులోకి తిరిగి మెడ మీదికి జారుతోంది. దాని కింద దవడ గీత గీసినట్టు తేలింది. చెంపలు రెండూ సమంగా ఉన్నాయి. కొట్టు తెరిచిన రోజు ఇద్దరూ గుమ్మంలో నిలబడి తీయించుకున్న ఫొటోలో ఉన్న ముఖం, మసకమసగ్గా, పక్క మీదికి తిరిగి వస్తోంది. ఇద్దరిలో ఒక్కరికే తిరిగి వస్తోంది.

“అలాగే ఉంది,” అంది చెల్లెలు.

“అలాగే అంటే?”

“ఎడమ చెంప కిందికే ఉంది. మూతి కూడా అటు లాగినట్టుంది.”

గుడ్డ కింది నుంచి అక్క చెంప మీదికి తడి చుక్క ఒకటి జారింది.

మొదట చెప్పినప్పుడు అది అబద్ధం కాదు. ఇంటికొచ్చిన రోజు ఎడమ పక్క నిజంగానే ఎక్కువ వాచి ఉంది. ఒక పక్క ముందు తగ్గుతుంది, ఇంకో పక్క వెనక తగ్గుతుంది, కంగారు పడకండి అని నర్సు ఫోనులో చెప్పింది కూడా. తర్వాత ఎడమ పక్క తగ్గింది. చెల్లెలి మాట మాత్రం తగ్గలేదు. నిన్నటి మాటే ఇవాళ చెప్పడం, ఇవాళ్టిది రేపు మళ్ళీ చెప్పడం. మూతి సంగతి మాత్రం ఈ పొద్దున కొత్తగా కలిపింది. ఎందుకు కలిపిందో తనకే తెలియలేదు. కూరలో చెయ్యి జారి పడ్డ కారంలా పడిపోయింది.

“ఏడవకు. కుట్లు తడుస్తాయి.”

“ఏడవట్లేదు. మందు కారుతోంది.” అక్క గుడ్డ కాస్త ఎత్తింది. “సూపులో ఉప్పు వేయలేదుగా?”

“చిటికెడు కూడా వేయలేదు. నీ బదులు మా పళ్ళేల్లో వేసుకుని తింటున్నాం.”

“కాసేపట్లో లేచి వరండాలో నాలుగడుగులు వేస్తా. కర్టెను వేసి ఉంచు, ఎండ తగలకూడదు. మధ్యాహ్నం మాత్ర తినే ముందా, తిన్నాకా?”

“తిన్నాక. నీకు తెలుసు. ఊరికే అడుగుతావు.”

చెల్లెలికి ఇదే మండుతుంది. ముఖమైనా సహించగలదేమో గానీ ఈ శ్రద్ధని సహించలేకపోతోంది. టైఫాయిడ్ వచ్చినప్పుడు తను జ్వరం పూర్తిగా దిగకముందే కౌంటరు దగ్గర కూర్చుంది. పన్ను పీకించుకున్న రోజు దూది బుగ్గన పెట్టుకునే బేరాలు చేసింది. తన ఒంటిని ఎవరైనా ఇలా పట్టుబట్ట మీద పెట్టి చూసుకున్నారా? తనే చూసుకుందా? అక్క మాత్రం పచ్చికుండని ఎత్తి పెట్టుకున్నట్టు తన తలని తనే ఎత్తి పెట్టుకుంటోంది. ఆ తలని చూసుకునే హక్కు ఒకటి ఉంటుందని ఆవిడకి ఎవరు చెప్పారు?

“ఒక్కటి అడుగుతాను, చెప్తావా?” అంది చెల్లెలు.

“అడుగు.”

“రెప్పలు బరువుగా ఉన్నాయి, ఎత్తించుకుంటానని చెప్పి వెళ్ళావు. మిగతాది ఎందుకు చెప్పలేదు? చెంపలు, దవడ... మొత్తం బిగింపించుకుని కట్లతో దిగావు. నేను గుమ్మంలో దిమ్మెరపోయి నిలబడ్డాను.”

“చెప్తే వద్దనేదానివి.”

“ఎందుకంటాను? నీ ముఖం నీ ఇష్టం.”

“చూశావా, ఆ గొంతుతోనే వద్దంటున్నావు.” అక్క నవ్వబోయి ఆపుకుంది. చెవి పక్కన చెయ్యి అదిమి పట్టుకుంది.

“నీ ఒక్కదాని ముఖమైతే నేనెందుకంటాను, అక్కా. అమ్మ ఇద్దరికీ కలిపి ఒకటే ఇచ్చింది. ఉమ్మడి ఆస్తి. గోడకి సున్నం వేయించాలన్నా పక్కవాటాదారుని ఒక మాట అడుగుతారు.”

ఈసారి అక్క నవ్వలేదు. తడిగుడ్డ పూర్తిగా తీసేసి, చెల్లెలు ఉన్న వైపు, ఆ రంగు మరక వైపు తిరిగింది.

“అద్దంలో అమ్మ కనిపిస్తోందే. చివర్లో మంచం మీద ఉన్నప్పటి అమ్మ. ఆ చెంపలు, ఆ రెప్పలు. పళ్ళు తోముకుంటుంటే కనిపిస్తుంది. కొట్లో ఎటు తిరిగినా అద్దాలే కదా, ఎటు తిరిగినా కనిపిస్తుంది. మోయలేకపోయాను.”

చెల్లెలు తన కళ్ళజోడు సర్దుకుంది. అవతలి గోడ వైపు చూసింది. తర్వాత మెల్లగా అంది.

“అద్దంలోనే కనిపిస్తోందా, అక్కా? కొట్లో నీ పక్క స్టూలు మీద కనిపించలేదా?”

అక్క చేతిలోని తడిగుడ్డ మడత విప్పి మళ్ళీ మడిచింది.

“రోజంతా నీ పక్కనే కూర్చునేదాన్ని నేను. అంటే నువ్వు మోయలేకపోయింది నా ముఖాన్ని.”

“చిన్నీ, నేను అలా...”

“కొట్టుకి టైమవుతోంది.” చెల్లెలు గిన్నె తీసుకుని లేచింది. “సూపు మూత పెట్టి ఉంది. వంగి తీయకు. బల్ల మీదే పెట్టాను.”

కొట్టు ఆ వీధిలో పాతది. లోపల నాలుగు పక్కలా ఫ్రేముల అరలు, వాటి మధ్య నిలువుటద్దాలు. కౌంటరు ముందు రెండు ఎత్తు స్టూళ్ళు. ఈ కొట్టుకి పేరొచ్చింది ఆ స్టూళ్ళ వల్లే.

కళ్ళజోడు కొనడానికి వచ్చినవాళ్ళకి ఉన్న చిక్కేమిటంటే, కొత్త ఫ్రేము పెట్టుకుంటే దానిలో ఇంకా నెంబరు అద్దం ఉండదు కాబట్టి వాళ్ళకే వాళ్ళ ముఖం కనిపించదు. అందుకని కవలలిద్దరూ స్టూళ్ళ మీద పక్కపక్కన కూర్చునేవాళ్ళు. అక్క ఒక ఫ్రేము, చెల్లెలు ఒక ఫ్రేము. వచ్చినవాళ్ళు తమ పాత కళ్ళజోడుతోనే ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “ఎడమ పక్కావిడది ఇవ్వండి,” అనేవాళ్ళు. ముఖం ఒకటే కాబట్టి తేడా ఫ్రేముదే. ఇంత నిక్కచ్చి తూకం ఇంకే కొట్లోనూ లేదని జనం నవ్వుకుంటూ చెప్పుకునేవాళ్ళు.

ఇప్పుడు ఒక స్టూలు ఖాళీ.

పదకొండింటి ప్రాంతంలో లైబ్రరీలో పనిచేసే ఆవిడ వచ్చింది. ఎప్పుడూ ఇక్కడే కొంటుంది. నల్లదొకటి, గోధుమరంగుదొకటి తీయించి, ఖాళీ స్టూలు వైపు చూసింది.

“రెండో ఆవిడేరి?”

“ఒంట్లో బాగాలేదండీ. నేనే రెండూ మార్చి మార్చి పెట్టుకుని చూపిస్తాను.”

చెల్లెలు నల్లది పెట్టుకుంది. తీసి గోధుమరంగుది పెట్టుకుంది. మళ్ళీ నల్లది. లైబ్రరీ ఆవిడ తల అటూ ఇటూ వంచి చూసింది.

“ఇది పెట్టుకునేసరికి అది ఎలా ఉందో మర్చిపోతున్నానండీ. ఇద్దరూ ఉన్నప్పుడే వస్తాను.” గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. “ఇంతకీ మీరు పెద్దావిడా, చిన్నావిడా?”

“చిన్నదాన్ని.”

“అవునా? పెద్దావిడనుకున్నాను సుమా.”

ఆవిడ ఏ ఉద్దేశంతోనూ అనలేదు. ఇన్నేళ్ళుగా అందరూ అలాగే తికమకపడతారు, వీళ్ళూ నవ్వేస్తారు. ఇవాళ ఆ మాట చెల్లెలి చెంప మీద చల్లగా ఆనింది. నాలుగు అద్దాల్లోంచి నలుగురు పెద్దావిడలు ఆమెని చూస్తున్నారు. అక్క తిరిగొచ్చి ఆ స్టూలు మీద కూర్చుంటే ఇక తూకం ఫ్రేములకి కాదు. ఆసుపత్రి గోడల మీద అతికిస్తారే, చికిత్సకి ముందు, చికిత్స తర్వాత అని... అందులో మొదటి బొమ్మ తను.

వెనక గదిలో రాయి తిరుగుతోంది. లెన్సు అంచు అరగదీసే చప్పుడు. వీధిలో అందరూ అద్దాలాయన అని పిలిచే ఆమె భర్త, ముక్కు చివరికి జారిన కళ్ళజోడుతో, నీళ్ళు చిమ్మే రాయి మీద వంగి ఉన్నాడు. బల్ల మీద అప్పటికే అరగదీసిన అద్దం ఒకటి తడిగుడ్డ మీద ఆరుతోంది. మధ్యలో పల్చగా, అంచున మందంగా.

ఆ మందం చూడగానే ఆమెకి తెలిసిపోయింది. వీధి మొత్తానికి అంత మందం అద్దాలు పెట్టుకునే మనిషి ఒకత్తే.

“ఎవరివి?” అయినా అడిగింది.

“వదినవి.”

“ఆర్డరు ఎవరిచ్చారు?”

“ఆర్డరేమిటే? విరిగాయట కదా. పొద్దున నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు పిలిచి చెప్పింది.” రాయి ఆపాడు. బల్ల సొరుగులోంచి ఒక ఫ్రేము తీసి చూపించాడు. రెండు కాడలూ కోసేశాడు. కుడి పక్కన అడుగున సన్నటి పిడి ఒకటి బిగించాడు, విసనకర్ర పిడిలా. “చెవులకి తగలదు. ముక్కు మీద బరువు పడదు. చేత్తో పట్టుకుని చూసుకోవచ్చు. ఎలా ఉంది?”

“బాగుంది,” అంది ఆమె. “పెళ్ళైనప్పటి నుంచీ అడుగుతున్నాను, నా కళ్ళజోడు మరలు బిగించండి, జారుతోందని. దానికి తీరిక దొరకలేదు. దీనికి మాత్రం కొత్త కనిపెట్టడాలు.”

“తే, ఇప్పుడే బిగిస్తాను.”

“వద్దులెండి. జారడం అలవాటైపోయింది.”

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తొందరపడకుండా, ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. మాట్లాడడానికి సిద్ధమయ్యేటప్పుడు అతను అలాగే చేస్తాడు.

“వదిన ఏడుస్తోంది. ఐసు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చూశాను.”

“ఐసు కూడా మీరే ఇస్తున్నారన్నమాట.”

“నువ్వు ఫోనులో ఉన్నావు. గిన్నె చేతికిచ్చి వచ్చాను. ముఖం వంకరగా కుదిరిందట కదా మరిదిగారూ, అంది. లేదు వదినా, బాగుంది, రెండు పక్కలా సమంగా ఉంది అన్నాను.”

ఆమె చెయ్యి బల్ల అంచుని పట్టుకుంది. “అంటే ఏమంది?”

“నమ్మలేదు.” అతను ఆమె వైపు సూటిగా చూశాడు. “మీరు ఊరుకోబెట్టడానికి అంటున్నారు, చిన్నీ నాకు అబద్ధం చెప్పదు అంది.”

బయట ఎవరిదో స్కూటరు ఆగి, మళ్ళీ కదిలి వెళ్ళిపోయింది.

“నాకు అలా కనిపించింది, అలా చెప్పాను,” అందామె చివరికి.

“ఫ్రేము వెంట్రుకవాసి వంగినా గుమ్మంలోంచే పట్టేసే కళ్ళు నీవి.”

“ఎవరి ముఖం ఎలా ఉందో మీరంత శ్రద్ధగా చూశారేం? నా ముఖం చూసి ఎన్నాళ్ళయింది మీరు? చెప్పండి, నా ఎడమ కంటి కింద ఏముంది?”

అతను చూడబోయాడు.

“చూసి కాదు. చూడకుండా చెప్పండి.”

అతను తలొంచుకున్నాడు. నిజంగానే ఆలోచిస్తున్నాడు. ఆ ఆలోచన ఎంతసేపు సాగితే ఆమెకి అంత నొప్పి పుట్టింది.

“నేనూ చేయించుకుంటే?” అంది గొంతు తగ్గించి.

“నీకెందుకే?”

“నీకెందుకు అంటే? నాకు అక్కర్లేదనా? నాకైతే దండగనా?”

“నీకెందుకు అంటే నీకెందుకనే. ప్రతి మాటకీ రెండో మాట వెతికితే నేనేం చెప్పను?” అతను ఆరిన అద్దం తీసుకుని వెలుతురుకి పట్టాడు, ఊదాడు, ఫ్రేములో నొక్కాడు. రెండోదీ అరగదీసి నొక్కాక, మెత్తటి గుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు.

“నేను ఇవ్వను. నువ్వే తీసుకెళ్ళి ఇవ్వు.”

“ఎందుకు? మీ వదినకి మీ చేత్తో ఇస్తే సంతోషిస్తుందిగా.”

“ఇవ్వగానే చూసుకుంటుంది. చూసుకునే ముందు నువ్వు చెప్పుకోవలసింది ఏమైనా ఉంటే చెప్పుకుంటావని.” మళ్ళీ రాయి తిప్పాడు. దాని మీద అరగదీయడానికి ఏమీ లేదు. ఊరికే తిరుగుతోంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క వరండాలో గోడ పట్టుకుని నడుస్తోంది. తలకి వదులుగా చున్నీ చుట్టుకుంది. అడుగు తీసి అడుగు వేస్తూ, గడ్డం ఎత్తి, ఎవరో నీళ్ళకుండ నెత్తిన పెట్టినట్టు నడుస్తోంది.

“చిన్నీయేనా?”

“ఇంకెవరు?”

“మధ్యాహ్నం అంతా ఆలోచించాను. కూర్చో, చెప్తాను. నేను కూర్చోబెట్టుకుంటాను నన్ను, నువ్వు పట్టుకోకు. నాకు వచ్చేసింది.” గదిలోకి వెళ్ళి, దిండ్లకి వీపు ఆన్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. మందు సొంతంగా రాసుకున్నట్టుంది, రెప్పల అంచులు మెరుస్తున్నాయి. గ్లాసులో నీళ్ళు, మాత్ర, శుభ్రంగా మడిచిన గుడ్డలు, అన్నీ వంగకుండా అందేంత ఎత్తులో వరసగా సర్దుకుంది.

చెల్లెలు మంచం చివర కూర్చుంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది. లోపల రెండు కళ్ళజోళ్ళు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడయింది.

“నేనిక కొట్లో ముందు కూర్చోను,” అంది అక్క.

“ఏమిటి?”

“స్టూలు మీద నువ్వొక్కదానివే కూర్చో. నేను వెనక గదిలో మరలు బిగిస్తా, అద్దాలు తుడుస్తా. వంకర మూతితో ఫ్రేము చూపిస్తే ఫ్రేమే వంకరనుకుంటారు జనం. బేరాలు పోతాయి.”

“అంత అవసరమా, అక్కా?”

“పొద్దున నువ్వన్నది నిజమే. పక్క స్టూలు మీద నువ్వున్నావు, నాకు తట్టనే లేదు. నీకెలా ఉంటుందో ఒక్కసారి కూడా అనుకోలేదు. అడగకుండా పోయి చేయించుకున్నాను, అందుకే ఇలా అయింది. ఇద్దరిలో బాగున్నది ఇప్పుడు నీ ముఖమే. ఆ కొట్టుకి నీ ముఖమే చాలు.”

కోరుకున్నది ఇంత తేలిగ్గా ఒళ్ళోకి వచ్చి పడుతుందని చెల్లెలు అనుకోలేదు. నలుగురు పెద్దావిడలు లేరు. ముందు, తర్వాత లేదు. ఒక స్టూలు, ఒక ముఖం. పుట్టిన దగ్గర్నుంచీ మొదటిసారి, పక్కన పోల్చడానికి ఎవరూ లేరు.

చేదుగా ఉంటుందనుకుంది. తియ్యగా ఉంది. ఆ తీపికే ఆమె భయపడింది.

“డాక్టరుకి ఈ సంగతి చెప్పావా?” అంది.

“చెప్పాను. మధ్యాహ్నం ఫోను చేశాను. ఫొటో తీసి పంపమన్నాడు. చెయ్యి చాపితే నాకు ఫోను తెర కనిపించదుగా, నువ్వొచ్చాక పంపుతానన్నాను. కుట్లు విప్పి మళ్ళీ సరిచేయాల్సి వస్తే చేయమని అడిగాను. నొప్పైనా సరే. మళ్ళీ కత్తి పెట్టినా సరే.”

“మళ్ళీ ఎందుకే!” అనేసింది చెల్లెలు. అక్కని ఆమె ఎప్పుడూ ‘ఏమే, ఎందుకే’ అనదు.

“వంకరగా ఉందిగా మరి. నువ్వే చెప్పావు.” అక్క చెయ్యి చాపి, గాలిలో వెతికి, చెల్లెలి మణికట్టు పట్టుకుంది. “చెప్పడానికి నీకెంత కష్టమైందో నాకు తెలుసు. మరిదిగారు చూడు, ఎంత ముద్దుగా అబద్ధమాడారో. సమంగా ఉందట! నీలా నిజం చెప్పే మనిషి ఇంట్లో ఒకరైనా ఉండాలి.”

చెల్లెలు ఆ చెయ్యి వైపు చూసింది. చేతులు మారలేదు. రెండు జతలూ ఇంకా ఒకటే. చూపుడువేలి పక్కన మరల పని వల్ల ఏర్పడ్డ కాయ కూడా ఇద్దరికీ ఒకే చోట ఉంది.

చెప్పాలనుకుంది. నోరు తెరిస్తే ఏడుపు ముందొస్తుందేమో, లేక ఇంకో అబద్ధం ముందొస్తుందేమో, ఆమెకి తన నోటి మీదే నమ్మకం లేకపోయింది.

సంచి జిప్పు లాగింది. నోటితో చెప్పలేనిదాన్ని చేత్తో బయటికి తీసింది. గుడ్డలో చుట్టిన పిడి కళ్ళజోడు అక్క అరచేతిలో పెట్టింది. పాత కళ్ళజోడు తీసి, కాడలు మడిచి, దుప్పటి మీద, అక్క మోకాలి పక్కన పెట్టింది.

“ఏమిటిది?” అక్క వేళ్ళు పిడిని తడిమాయి. “మరిదిగారు చేశారా? అయ్యో, విసనకర్రలా ఉందే! రాణీగారిలా చూడొచ్చు!”

“చెవులకి తగలదు,” అంది చెల్లెలు. అంతకుమించి ఏమీ రాలేదు.

అక్క పిడి పట్టుకుని అద్దాలు కళ్ళ ముందుకి తెచ్చుకుంది. గది ఒక్కసారిగా కుదుట పడినట్టు ఆవిడ భుజాలు కుదుట పడ్డాయి. కిటికీ చూసింది. కర్టెను చూసింది. కిందికి, దుప్పటి మీదికి చూసింది.

పాత కళ్ళజోడు మీద చూపు ఆగింది.

వంగకుండా, మెడ నిటారుగానే ఉంచి, రెండో చేత్తో దాన్ని అందుకుంది. ఒక కాడ విప్పింది. రెండోది విప్పింది. అద్దాలు వెలుతురుకి పట్టింది. కళ్ళజోళ్ళు అమ్మే మనిషి ఎలా పరీక్షిస్తుందో అలాగే, మరలతో సహా. తర్వాత మడిచి, ఎక్కడ ఉన్నదో సరిగ్గా అక్కడే పెట్టేసింది.

చెల్లెలు ఎదురుచూసింది. ఒక్క తిట్టు వచ్చినా బాగుండేది.

అక్క మంచం దిగింది. గోడ పట్టుకోలేదు. డ్రెస్సింగ్ టేబులు దగ్గరికి వెళ్ళి, అద్దం మీది దుప్పటి కొస పట్టుకుని లాగింది. దుప్పటి నేల మీదికి జారింది.

ఎడమ చెంప చూసుకుంది. కుడి చెంప చూసుకుంది. వేలి కొస పెదవి చివరన, తగలకుండా, గాలిలోనే నిలిపింది. అద్దంలో ఆ ముఖం మీద సంతోషం కోసం చెల్లెలు వెతికింది. కనిపించి ఉంటే అసూయపడటానికైనా పనికొచ్చేది. అది రాలేదు.

“చిన్నీ, ఇలా రా.”

చెల్లెలు లేచింది.

“పక్కన నిలబడు. ఎప్పుడూ కూర్చునే వైపు.”

వెళ్ళి నిలబడింది. అద్దంలో ఇద్దరూ పడ్డారు. అక్క పిడిని కాస్త పక్కకి తిప్పింది. చూపు తన ముఖం మీంచి కదిలి, చెల్లెలి ముఖం మీదికి వచ్చి, అక్కడ నిలిచింది. బేరానికి వచ్చినవాళ్ళు రెండు ఫ్రేములని చూసే చూపది. తొందరలేదు. దయ ఉందో లేదో తెలియదు.

“నా ముఖం ఎలా ఉందో రోజూ పొద్దున్నే చెప్పావు,” అంది అక్క. మాట పళ్ళ సందుల్లోంచే, మెల్లగా వచ్చింది. “ఇప్పుడు నీ ముఖం ఎలా ఉందో నేను చెప్పనా?”

చెల్లెలు తన కళ్ళజోడు తీసేసింది. అద్దంలో రెండు ముఖాలూ మసకబారాయి.